మూడో భాగం ముగింపు

తాడిపత్రిలో బండల పాలిష్ ఫ్యాక్టరీల వెనక
ఒక రేకుల షెడ్డు. నాలుగు కంప్యూటర్లు, వాటిలో ఒకటి ఎప్పుడూ చెడిపోయి.
గంటకు పది రూపాయలు.
కుళ్ళాయప్ప చెప్పే కథకు మాత్రం దుడ్లు లేవు.

ఆటకు ఇంగ్లీషులో ఏదో పేరుండేది.
మేం ఎర్రనేల అనేవాళ్ళం. ఎర్రనేల ఒకటి, ఎర్రనేల రెండు.
తెర కింద అక్షరాలు గబగబా పరుగెత్తేవి.
తెల్లదుమ్ము చేతుల్ని లుంగీకి తుడుచుకుంటూ
మా వెనక నిలబడి ఆయన చదివి చెప్పేవాడు:

"ఈ కెప్టెన్ ఉండాడు సూడు, ఓడలో మున్నూరేండ్లు నిద్రపోయినాడు.
లేసేసరికి ఊరోళ్ళంతా యాడికో ఎళ్ళిపోయినారు.
నీళ్ళు లేవబ్బీ ఆ నేలలో.
అందుకే ఆ మిషను దింపుతాండాడు.
ఎనిమిదొందల అడుగులు. ఏం పళ్ళేదు. దుమ్మే."

ఆ దుమ్ము మాకు తెలుసు.
యల్లనూరు రోడ్డులో రిగ్గు లారీ రాత్రంతా మొత్తుకుంటే
తెల్లారి చీనీ చెట్ల మీద కనపడేది అదే.
కాబట్టి నమ్మాం.
రెండో భాగంలో నేల చీలి నీలం వెలుగు చిమ్మినప్పుడు
మద్దిలేటి కుర్చీ ఎక్కి "పడినాయి! నీళ్ళు పడినాయి!" అని అరిస్తే
బయట బండలు కోసేవాళ్ళు తొంగి చూశారు.

మూడో భాగంలో వచ్చాడు ఎర్ర హెల్మెట్టువాడు.
మనం తవ్విన ప్రతి గుంతనూ పూడ్చేవాడు.
చివర్లో, కూలిన వంతెన మీద, వాడూ మనమూ.
"కాల్చాకు," అనేవాడు కుళ్ళాయప్ప, గొంతు తగ్గించి.
"వాడు కెప్టెన్ తమ్ముడు. రిగ్గు ఓడ ఎక్కి పొయ్యినోడు.
దావ తప్పినాడంతే."
మేం వింటామా?
గురి కుదిరేది. వేలు బిగిసేది.
కరెంటు పోయేది.

నాలుగుసార్లు ఆడాం. నాలుగుసార్లూ అక్కడే.
కరెంటాఫీసును తిట్టుకుంటూ ఇళ్ళకు పోయేవాళ్ళం.
పక్క ఫ్యాక్టరీలో రంపాలు తిరుగుతూనే ఉన్నాయని
ఒక్కడికీ తోచలేదు.

నాలుగో భాగం వచ్చేనాటికి షెడ్డు లేదు.
మద్దిలేటి బళ్ళారి పోయాడు.
ఐదూ ఆరూ వచ్చాయని విన్నాను, అంతే.
నేను ఆ పక్క ఫ్యాక్టరీలోనే
చదరపు అడుగుల లెక్కలు రాస్తున్నాను.

నిన్న మా అక్క కొడుకు ఏడోది ఆడుతూ
"పాతవన్నీ కొత్త బొమ్మలతో ఇస్తాండారు మామా" అన్నాడు.
మూడోది పెట్టమన్నాను.
ఇప్పుడు ఆ అక్షరాలు నాకు చదవడానికొస్తాయి.

కెప్టెన్ వెతికేది నీళ్ళు కాదు, ఇంధనం.
నిద్రపోయింది పదకొండు రోజులు.
ఊరివాళ్ళు ఎక్కడికీ పోలేదు, ఓడ నిండా సరుకు కోసం
ఆయనే వాళ్ళను అమ్మేశాడు.
ఎర్ర హెల్మెట్టువాడికి పేరు లేదు.
తమ్ముడు అనే మాట ఆట మొత్తంలో ఎక్కడా లేదు.

అక్కకు చెబితే నవ్వింది.
"ఆయప్పకు ఇంగ్లీషు యాడొచ్చు? ఐదు కూడా సదవలేదు."
పల్లీలు వలుస్తూ, కొంచెం ఆగి,
"వాళ్ళ తమ్ముడు సుంకన్న ఒరిస్సాకు పొయ్యిన రిగ్గుతో పొయ్యి
రానే లేదు గదా. నీకు తెలీదా?"

తెలీదు.
తెలిసిందల్లా, ఆట చివరికొచ్చేసరికి
ఆయన మా వెనక నుంచి కదిలి
గోడకున్న ఫ్యూజు పెట్టె పక్కన నిలబడేవాడు. అది ఇప్పుడు గుర్తొస్తోంది.

వంతెన. గాలి. ఎర్ర హెల్మెట్టు.
"కాల్చు మామా, ఏం సూస్తాండావు?"
కాల్చకపోతే ఏమవుతుందో
ఆట చేసినవాళ్ళు ఆలోచించినట్టు లేదు.
వాడు అక్కడే నిలబడి ఊపిరి తీస్తాడు.
భుజాలు లేస్తాయి, దిగుతాయి, మళ్ళీ లేస్తాయి.
పిల్లోడు విసిగిపోయి సంగటికి లేచాడు.

బయట రంపాలు తిరుగుతున్నాయి.
కరెంటు ఉంది.