మరమ్మతు బల్ల

ఎగ్మూరు రికార్డాఫీసు, వెనక గది.
పిండిజిగురు ఇంకా గోరువెచ్చగానే ఉంది.
ఈ పూట నా బల్లమీదికొచ్చిన కట్ట
జెనీవాకి ఎవర్ని పంపాలా అని
కోటకీ సిమ్లాకీ మధ్య నడిచిన ఉత్తరాలు.
పురుగు తిన్నచోట దేశాల పేర్లే పోయాయి.

మనిషి రోజుకెన్ని గంటలు పనిచెయ్యాలో
తేల్చే సభట అది.
సర్కారు తరఫున ఒక దొర.
కూలీల తరఫున?
ఇంకో దొర.
పక్కన ఎర్రసిరా: అభ్యంతరం లేదు.

పల్చటి గుడ్డ పరిచి
కుంచెతో గాలిబుడగల్ని అంచుకి తోస్తుంటే
కాగితం వీపున, మూల,
చీమతలకాయంత తెలుగు:
"ఆరు ప్రతులు ఎత్తి రాసేసరికి రాత్రి పదకొండు.
ఆఖరి ట్రాము పోయినది.
రైటరు ధనకోటి."

పైన దొరల సంతకాలు
కొరడా విసిరినట్టు పొడుగ్గా.
ఇతను మాత్రం
ఎవరూ తిరగెయ్యరన్న ధైర్యంతో రాసుకున్నాడు.

రెండువైపులా గుడ్డ అతకాలని రూలు.
అతికితే సన్నరాత మసకబారుతుంది.
ఆ మూల మేరకి కత్తిరించి వదిలేశాను.
సూపర్నెంటు అడిగితే
గుడ్డ చాల్లేదంటాను.

అయిదున్నర.
జిగురు ఇంకో రెండు కాగితాలకొస్తుంది.
గిన్నెమీద మూతపెట్టి లేచాను.
తాంబరం లోకలు
అయిదూ నలభైకి.