రొట్టెలు లేని జనం

పొగతోటలో, మందుల షాపు పైన రెండో అంతస్తులో
నలభై వేల మందిని పుట్టించాను.
తలకాయ ఒక గుండు, ఒళ్ళొక గొట్టం.
చొక్కా రంగులు మాత్రం ఏడు.

పోలీసువాళ్ళు అడిగింది చిన్న పనే.
మొహరంలో స్వర్ణాల చెరువు దగ్గర
ఏ మెట్టు మీద ఎంతమంది ఇరుక్కుంటారో
ముందే చూపించమన్నారు.

ఘాట్ వెడల్పు, బారికేడ్ల సందు,
దర్గా గేటు నుంచి నీళ్ళ దాకా అడుగులు
ఎండలో నేనే లెక్కపెట్టుకొచ్చాను.
మనిషి మనిషికీ ఒకటే రాశాను:
గమ్యం చూడు. పక్కవాణ్ణి తగలకు.
చదరపు మీటరుకు నలుగురు దాటితే నెమ్మదించు.

నడిచారు.
ఎంత బుద్ధిగా నడిచారంటే
మొలగొలుకుల మడిలోకి కాలవ పారినట్టు
వచ్చారు, నీళ్ళు ముట్టారు, తిరిగెళ్ళారు.
తెర మీద ఎర్రచుక్క ఒక్కటి లేదు.

టీ తెచ్చిన రవణమ్మ గ్లాసు చేతిలోనే పట్టుకుని
చాలాసేపు చూసింది.
"ఏంది నాయనా, ఎవురూ ఎవుర్నీ పిలవడంలా?"

పిలవడమేంటి అన్నాను.

"రెండేళ్ళ కిందట మోకాటి లోతు నీళ్ళలో
పొద్దుట్నించీ నిలబడుండా.
ఇంటి రొట్టె, ఇంటి రొట్టె అని అరిచి అరిచి
గొంతు పోయింది.
ఎవురో ఒంగోలు మనిషంట, ఆమెకి ఇల్లు కుదిరిందంట,
నా అరుపు విని జనాన్ని తోసుకోనొచ్చి
చేతిలో పెట్టింది.
చెమటకి నాని మెత్తబడిపోయుండాది ఆ రొట్టె.
నీ వాళ్ళు తోసుకోరే!"

ఇల్లొచ్చిందా అని అడగలేదు.
గ్లాసు అందుకున్నాను.

ఆ రాత్రి ప్రతివాడికీ రెండు గడులు చేర్చాను:
తెచ్చిన రొట్టె. కావాల్సిన రొట్టె.
ఉద్యోగం, చదువు, పెళ్ళి, సంతానం,
వీసా, ఆరోగ్యం, సొంతిల్లు.
ఎవరిది ఎవరి దగ్గరుందో వెతుక్కోమన్నాను.

అంతే, కాలవకి గండి పడింది.
ఎదురెదురుగా, అడ్డదిడ్డంగా,
సగం మెట్ల మీద ఆగి, వెనక్కి తిరిగి,
సంతానం రొట్టె వెనకాల బారికేడ్లు దాటి,
తెరంతా కారం పోసినట్టు ఎరుపు.
ల్యాప్‌టాప్ ఫ్యాను హోరులో
ఎవరో గొంతు పోయేలా అరుస్తున్నట్టే ఉంది.

మూడింటికి చెరువు ఖాళీ అయింది.
ప్రోగ్రాం ఆగలేదు.
ఒకడు మిగిలాడు,
పన్నెండు వేల నాలుగోవాడు, నీలం చొక్కా.
నీళ్ళలో నిలబడి
ఇటు కాసేపు, అటు కాసేపు
గుండులాంటి తల తిప్పుతున్నాడు.

తెరిచి చూస్తే వాడి గడి ఖాళీ.
ఏం కావాలో రాయడం మర్చిపోయాను.

పొద్దున రవణమ్మ వచ్చి
"వీడింకా ఉండాడే" అంది. చెప్పాను.
కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది.
"మా ఆయన గూడా అట్నే.
యేటా వస్తాడు, ఒట్టి చేతుల్తో నీళ్ళలో నిలబడతాడు.
ఏం గావాలయ్యా అంటే
చూద్దాంలే అంటాడు."

సీఐ గారికి ఎర్రటి ఫైలే పంపాను,
ఏ మెట్టు దగ్గర తాడు కట్టాలో రాసి.
నీలం చొక్కావాణ్ణి తీసెయ్యలేదు.
గడీ నింపలేదు.