కోడి శిస్తు

అసలు ఆ మాట అన్నది నేనే.
చిట్టినగర్ సొరంగం ఇవతల, కొండ మెట్ల మొదట్లో
నా కుట్టు మిషను. పక్కనే టీ బండి.
సోమవారం పొద్దున్నే సూది విరిగి,
బేరం లేక, నోరు ఊరుకోక అన్నాను:
"విన్నారా, పెరటి కోళ్ళకి పన్నేస్తున్నారంట.
పెట్టకి పాతిక, పుంజుకి నలభై."

"పుంజుకెందుకు ఎక్కువ?" అన్నాడు ఏసుపాదం.
"కూస్తుందిగా. మైకు పర్మిషనుతో కలిపి."

నవ్వారు. నవ్విన మూతులు తుడుచుకుని
ఎవరి మెట్లు వాళ్ళెక్కారు.
మాట మాత్రం మెట్లెక్కలేదు,
ఆటో ఎక్కింది.

మధ్యాహ్నానికి సొరంగం దాటి, కబేళా సెంటరు చుట్టి
మళ్ళీ నా దగ్గరికే వచ్చింది.
బనియన్ మీద వెళ్ళిన మాట
కోటు తొడుక్కుని వచ్చింది:
జీవో నంబరుంది, ఆఖరి తేదీ ఉంది,
పొదిగే పెట్టకి మూడు వారాలు మినహాయింపు,
పిల్లలు పదకొండు దాటితే వ్యాపారం కింద లెక్క,
నల్ల కోడికి వేరే ఫారం.

"అబద్ధం రా, నేనే పుట్టించా" అన్నాను.
జానీబాషా నన్ను జాలిగా చూశాడు.
"చొక్కా జేబే తిన్నగా కుట్టలేవు మాస్టరూ,
ఇంత పకడ్బందీ జీవో నువ్వు పుట్టించావా?"

ఇంతకీ కొండ మీద పెరడెక్కడిది?
మా పెరడు కిందింటి డాబా,
మా డాబా పైవాళ్ళ వాకిలి.
కోడి పడుకునేది ఒకరింట్లో, గుడ్డు పెట్టేది ఇంకొకరింట్లో,
రెట్ట వేసేది మాత్రం అందరిళ్ళల్లో.
మరి పన్నెవరు కట్టాలి?
కొళాయి దగ్గర ఈ ఒక్క ప్రశ్నకి రెండు బిందెలు సొట్టపోయాయి.
"చెత్త మీద వేసినవాళ్ళు
చెత్త కెలికేదాని మీద వెయ్యరా?" అంది కోటిరత్నం.
దానికి నా దగ్గర జవాబు లేదు.

ఆ రాత్రి మంచాల కింద, బియ్యం డ్రమ్ముల్లో,
ఒకరింట్లోనైతే పాడైన వాషింగ్ మిషన్లో
కొండ మీది కోళ్ళన్నీ అజ్ఞాతవాసం.
నా కోడి కూయకపోతే తెల్లారదా అంటారు గానీ
మంగళవారం నిజంగానే ఆలస్యంగా తెల్లారింది.
కొళాయి నీళ్ళొచ్చి పోయాయి, ఎవరూ లేవలేదు.

నాకూ ఒక పెట్ట ఉంది.
అది అబద్ధమని ఊళ్ళో ఇంకెవరికి తెలిసినా తెలియకపోయినా
నాకు తెలుసు.
అయినా కత్తిరింపు గుడ్డల మూటలో దాన్ని దాచాను,
ఎందుకైనా మంచిదని.

పదింటికి మెట్ల మీద ఒక ఖాకీ సంచి.
దోమల మందు కుర్రాడు.
"ఇంట్లో ఏమైనా ఉన్నాయా?" అన్నాడు, నిలవ నీళ్ళ సంగతి.
"ఒక్కటి కూడా లేదు బాబూ" అంది వజ్రమ్మ.
వెనక డ్రమ్ము కొక్కొక్కో అంది.

సాయంత్రం ఆవిడ కొంగుముడి విప్పి
నా మిషను మీద పాతిక రూపాయలు పెట్టింది.
"ఇస్తే ఆ పిల్లాడు పుచ్చుకోలేదు, రసీదు లేదన్నాడు.
ముందు చెప్పింది నువ్వేనంటగా, నువ్వే రాయి.
డెబ్బై ఏళ్ళొచ్చాయి, ఎవరికీ బాకీ లేను.
ఒక కోడి కోసం ఉండమంటావా?"

నోట్లు వెనక్కి తోశాను. ముందుకి తోసింది.
చివరికి కొలతల పుస్తకం తీశాను.
అందులో గళ్ళు ముందే అచ్చేసి ఉన్నాయి:
పొడవు, ఛాతీ, నడుము, చెయ్యి.
ఎర్ర పెట్టకి టేపు చుట్టాను.
ఛాతీ పదిహేను. నడుము దొరకలేదు.
చెయ్యి కొట్టేసి రెక్క అని దిద్దాను.
కింద "బాకీ లేదు" అని రాసి, సంతకం చేసి,
స్టాంపు లేదు గనక
కోటు గుండీ ఒకటి సిరాలో ముంచి అద్దాను.
గుండ్రంగా, మధ్యలో నాలుగు చిల్లులతో
అచ్చం ప్రభుత్వం లాగే పడింది.
డబ్బులు మళ్ళీ ఆవిడ కొంగులోనే కట్టాను.

బుధవారం నేను షట్టరు ఎత్తేసరికి
మెట్ల పొడుగునా వరస. అందరి చంకల్లో కోళ్ళు.
ఇంకేం చెయ్యను, టేపు మెడలో వేసుకుని కూర్చున్నాను.
అందరికంటే ముందు జానీబాషా,
చేతిలో తడి గోనె సంచి, లోపల ఏదో కదులుతోంది.

"మాస్టరూ," అన్నాడు గొంతు తగ్గించి,
"బాతుకెంతంట?"