గుడ్ల లెక్క

గునుపూరు ఆసుపత్రిలో కఫం చూసేవాణ్ణి నేను.
పద్దెనిమిదేళ్లుగా అదే కిటికీ, అదే స్టూలు,
నీలం నేల మీద ఎర్ర నలుసుల కోసం వెతుకులాట.
ఉంటే ఉన్నాయని, లేకపోతే లేవని రాయడం.
ఊపిరితిత్తుల గురించి నాకు తెలిసిందంతే.

రుఖమి గమాంగ. ముప్పయ్యో, నలభయ్యో.
కొండ మీంచి జీడితోటల అడ్డదారిన
రెండు గంటలు నడిచి, జీపు పట్టుకుని వస్తుంది.
వచ్చిన రోజు ముప్పై నాలుగు కేజీలు.
రెండో నెల ముప్పై నాలుగు.
నాలుగో నెల ముప్పై మూడున్నర.
కఫం శుభ్రం. ఎర్ర నలుసు ఒక్కటీ లేదు.
మందు పనిచేస్తోంది,
మనిషే నిండటం లేదు.

నెలనెలా ఇచ్చే పెట్టెలో ముప్పై గుడ్లు,
కందిపప్పు, వేరుశనగలు, పాలపొడి డబ్బా.
"అండా కియె ఖాయిలా?"
గుడ్లు ఎవరు తిన్నారని సూపర్‌వైజరు పాణిగ్రాహి.
ఆమె సవర మాటలో ఏదో చాలాసేపు చెప్పింది.
అది ఆశా దీదీ నోట్లో ఒరియా అయి
నా చెవిలో తెలుగయ్యేసరికి
"నేనే తిన్నాను" అన్న రెండు ముక్కలు మిగిలాయి.
ఎవరూ నమ్మలేదు.
మొగుడు సారాకి అమ్మేశాడన్నారు.
పిల్లలకి పెట్టేసుంటుందన్నారు.
పాణిగ్రాహి కార్డు మీద ఎర్రసిరాతో రాశాడు.
ఒరియా చదవడం నాకొచ్చు.
చదివి, మడిచి, ఆమె చేతికిచ్చింది నేనే.

ఇంకో మాట దాచకూడదు.
సంతలో ఆమె మొగుడు దంతరుని చూశాను,
తట్టలో గుడ్లు పెట్టుకు కూర్చున్నాడు.
అదిగో, అనుకున్నాను.
చిన్నవి, మట్టిరంగువి, నాటుకోడివి.
ఆసుపత్రి గుడ్లు పెద్దవి, తెల్లవి.
తేడా కంటికి కనబడింది. మనసు రాసుకోలేదు.

వంశధార పొంగి తగ్గిన వారం
కొత్త డాక్టరమ్మ, బరంపురం పిల్ల,
"కఫం చూశారు, రక్తం చూశారు,
దొడ్డికెళ్లింది చూశారా?" అంది.
లేదు. ఛాతీ జబ్బుకి పొట్టనెవరు అడుగుతారు?

అగ్గిపెట్టెలో తెచ్చింది రుఖమి,
టేకాకు చుట్టి, మొహం పక్కకి తిప్పుకుని.
ఉప్పునీటి చుక్క, పుల్ల, పైన గాజురెక్క.
నూనె లెన్సు అక్కర్లేదు, చిన్నదే చాలు.

గుడ్లు.

పల్చటి పెంకు, లోపల నాలుగు గింజల్లా,
చుట్టూ గాజులాంటి ఖాళీ. కొంకి పురుగువి.
మధ్యమధ్య ఏలికపామువి,
పనసతొక్కలా గరుకుగా, డికాషన్ రంగులో.
ఒక చోట ఎనిమిది, పక్కకి జరిపితే పదకొండు,
ఇంకా జరిపితే
ముప్పై దాటాయి. లెక్క ఆపేశాను.

నేనే తిన్నాను, అంది కదా.
తింది. ఆమె లోపల ఇంకెవరో తిన్నారు.
చెప్పుల్లేని పాదంలోంచి ఎక్కి,
నెత్తుట్లో ఈది,
ఆ చిల్లుల ఊపిరితిత్తుల మీదుగానే పాకి,
గొంతు దాటి దిగి, పేగుకి కొంకి తగిలించుకుని.
నేను కాపలా కాస్తున్న దారినే
నా కన్నుగప్పి పోయారు.

పొట్టలో అద్దెకున్నవాళ్లు
ఇంటి కుక్కని జోకొడతారట, డాక్టరమ్మ చెప్పింది.
తర్వాత ఏ దొంగ గోడ దూకినా
అది ఒక కన్నే తెరుస్తుందట.
మిగతాది నా చదువుకి అందలేదు.

నమిలి మింగే మాత్ర. ఇనుము మాత్రలు.
చీటీలో చెప్పులెవరూ రాయలేదు.
బజార్లో నీలం రబ్బరు జత కొన్నాను.
ఇచ్చేటప్పుడు ఏమనాలో మూడు భాషల్లోనూ దొరకలేదు.
చంకలో పెట్టుకుని
ఉత్తి కాళ్లతోనే జీపెక్కింది,
కొత్తవి మాసిపోతాయని.

ఒరియాలో గుడ్డుని అండా అంటారు.
మాకు అండ అంటే ఆసరా.
పద్దెనిమిదేళ్లుగా రెండు మాటలూ నా నోట్లోనే ఉన్నాయి,
ఒకదాన్నొకటి పలకరించుకోలేదు.

కార్డు మీది ఎర్రసిరా చెరిగేది కాదు.
దాని పక్కన, ఎవరూ అడక్కపోయినా,
గుడ్లు ఆమే తింది, అని రాసి తేదీ వేశాను.
తెలుగులో రాశాను.
పాణిగ్రాహికి తెలుగు రాదు.