దిగిండా?

రాత్రి పదకొండున్నర. మడికొండ ప్రెస్సు.
కాళ్లకు రెండు పలకలు కట్టుకున్న మనిషి
తలకిందులుగా, చుట్టూ వట్టి నీలం.
"ఓదెలన్నా, తిర్లేసి పంపిండ్రా?" అన్నది స్వరూప.

కళ్లద్దాల మీది గీత కనవడుతున్నది,
చేతితొడుగు కుట్టు కూడా.
ఎంత ఎత్తున ఉన్నడో మాత్రం తెలుస్తలేదు.
కొయ్యకు తగిలేసిన అంగి లెక్క ఉన్నడు.

హన్మకొండ స్టేడియంల హైజంప్ పిల్లను
బొర్లా పండి తీసేటోణ్ని నేను.
కడ్డీ పడాలె, చిరిగిన పరుపు పడాలె,
నోరు తెరిచిన పీఈటీ సారు పడాలె.
అవి లేకుంటె ఆ పిల్ల ఎగిరినట్టే కాదు.

అసలు ఫైలు తెరిపిచ్చిన.
అడుగున మంచు వాలు,
ఆవగింజలంత జనం,
వాళ్ల నడుమ వాని నీడ, ఇంకా ఒంటరిగా.
నా అరికాళ్లు జివ్వుమన్నయి.

"రెండు కాలాలే ఉన్నయన్నా,
కింద మిరప విత్తనాల యాడు."
నీడను కోసేసింది. నేనూ ఊకున్న.

తెల్లారి ఎనుమాముల మార్కెట్ల
బస్తా మీద చాయ్ తాగుకుంట
హమాలీ మొగిలి పేపర్‌ను అటు తిప్పి, ఇటు తిప్పి
నన్నే అడిగిండు:
"ఫోటో మంచిగనే ఉన్నది గని,
వీడు దిగిండా?"