పది సెంటీమీటర్ల దగ్గర

మొదటి రోజు క్రేను లేదు, ఇనుము లేదు.
ఒక బకెట్, నిండా నీళ్లు.
దాని పిడిలోంచి దూర్చిన తాడు,
ఒక కొస నా చేతిలో, ఇంకో కొస తిహోమిల్ చేతిలో.

మోయండి, అన్నాడు బెరిస్లావ్.
పక్కపక్కనే నిలబడితే అదొక బరువే కాదు.
ఒక్కో అడుగు దూరం జరగండి.
జరిగాం.
ఇంకొకటి.
నీళ్లు ఒక్క చుక్క పెరగలేదు,
నా భుజం మాత్రం కీలు దగ్గర కలుక్కుమంది.

సుద్దముక్కతో నేల మీద గీశాడు:
తాళ్లు నిటారుగా ఉన్నంతసేపూ చెరిసగం.
ముప్పై డిగ్రీలకు వాలిపోయాయా,
ఇద్దరిలో ఒక్కొక్కరూ మొత్తం మోస్తారు.

నవ్వాను. ఎందుకన్నాడు.
పదకొండేళ్ల కాపురం గురించి అక్కడేం చెప్పను?
లెక్క అర్థమైంది, అన్నాను.

సార్డీన్ చేపల ఫ్యాక్టరీ మూతపడితే వచ్చినదాన్ని,
నలభై నాలుగేళ్లు, వేళ్లకింకా నూనె వాసన.
రియెకా ఓడల యార్డులో ఆ తొమ్మిది హెల్మెట్ల కింద
నేనొక్కదాన్నే ఆడదాన్ని,
తిహోమిల్ ఒక్కడే నత్తివాడు.
పేరడిగితే "తి" దగ్గరే
రాయి అడ్డుపడ్డ చక్రంలా ఆగిపోయేవాడు.

రెండో వారమంతా చూడటం నేర్చుకున్నాం.
ఇనప తాడును ఒట్టి చేత్తో తడమకు, గుడ్డతో తుడువు,
తెగిన తీగ ఉంటే గుడ్డనే పట్టుకుంటుంది.
చీటీ చెరిగిన స్లింగుకు ఊరూ పేరూ లేదు,
ఎంత మోస్తావని దాన్నే అడగాలి,
అది జవాబు చెప్పేసరికి నువ్వు దగ్గర్లోనే ఉంటావు.
షాకిల్ పిన్ను పోయిందని దొరికిన బోల్టు దూర్చకు.
వేలాడేదాని కిందికి టోపీ ఎగిరిపోయినా సరే,
టోపీని వదిలెయ్.

చావు కథలు చెప్పమన్నారు కుర్రాళ్లు.
వాళ్లు పాఠాలు కారు, నా జట్టువాళ్లు,
అని సుద్ద జేబులో వేసుకున్నాడు బెరిస్లావ్.
ఆ రోజు గంట ముందే వదిలేశాడు.

మూడో వారం చేతులు.
కుడిచెయ్యి పైకెత్తి మెల్లగా సున్నా చుడితే: ఎత్తు.
కిందికి చాపి మెల్లగా సున్నా చుడితే: దించు.
అక్కడ చూశాను తిహోమిల్‌ను.
ఆ చేతుల్లో ఒక్క అక్షరం తడబడలేదు.
నలభై మీటర్ల పైన గాజుగదిలో ఉండే యాద్రాంకో
మెట్లన్నీ దిగొచ్చి మరీ అడిగాడు,
ఎవడ్రా ఈ కుర్రాడు,
అచ్చులో చదివినట్టుంది.

పరీక్ష రోజు ఆకాశం కడిగిన పళ్లెం.
ఇక్కడ భయపడాల్సింది దానికే.
ఈ తీరపు గాలి పేరు బూర;
ఊదే బూర కాదు, ఊడ్చే బూర.
మబ్బును తోడు తెచ్చుకోదు, కొండ మీంచి ఒకే దూకు.

ఓడ గిడ్డంగి మూత, నాలుగున్నర టన్నులు.
సిగ్నల్ నాది.
పది సెంటీమీటర్లు లేపించి ఆపాను.
తాళ్లు సర్దుకున్నాయి, మూత సమంగా ఉంది,
అంతా బాగుంది.
ఎత్తమని చెయ్యి లేపబోతుంటే
పసుపు గీత వెనక, వరుస చివర,
రెండు చేతులు పైకి లేచాయి,
అరచేతులు ముందుకు.

అవతలి ధక్కా మీద జెండా
రేకులా బిగిసిపోవడం వాడు చూశాడు,
అటు నేను వీపు పెట్టి నిలబడ్డాను.

యాద్రాంకో నన్నడగలేదు, ఆపేశాడు.
ఎత్తమనే హక్కు ఒక్కరిదే,
ఆపమనే హక్కు అందరిదీ.
దించాం. తాళ్లు వదులయ్యాయో లేదో
వచ్చింది.
మూత నేల మీదే ఒకసారి కిర్రుమంది.
ఎవరి హెల్మెట్టో సముద్రంలో పడింది.
ఎవరూ వెళ్లలేదు.

నా కాగితం మీద బెరిస్లావ్ రాసింది:
మళ్లీ బుధవారం.
వాడి కాగితం మీదేముందో వాడు చూపించలేదు.

సాయంత్రం బస్సులో పక్కనే కూర్చున్నాడు.
ఏదో చెప్పాలని నోరు తెరిచాను,
"తి" దగ్గరే ఆగిపోయాను.
కాసేపు చూసి,
కుడిచెయ్యి కిందికి చాపి
సీటు పక్కన మెల్లగా సున్నా చుట్టాడు.