పసుపు రాని గుంట

కంబాలకొండ వెనక వాలున
పొదలకు చుట్టుకున్న పొడపత్రి తీగ.
ఆకులు తుంచింది నూకరత్నం,
సంచి పట్టుకున్నది నేను.
"ఒకటి నమిలి చూడు బాబాయ్" అంది.
దిగొచ్చాక హనుమంతవాక టీ కొట్లో
చెంచాడు పంచదార నోట్లో పోసుకున్నాను:
జాలారిపేట ఇసుక.

ఇరవై రెండేళ్లుగా ఈ ల్యాబులో సీసాలు కడుగుతున్నాను.
షుగరొచ్చి తొమ్మిదేళ్లు.
రెండింటికీ ఇన్నాళ్లూ పరిచయం లేదు.

ఆ పిల్లకి ఆకు అక్కర్లేదు,
ఆకులో కాపురమున్న వాళ్లు కావాలి.
కంటికి ఆనని బాక్టీరియా.
తీగకు జబ్బు చెయ్యవు, ఊరికే ఉండవు,
అద్దె కింద ఏదో కడుతుంటాయట.
అదేమిటో తేల్చాలని తన పంతం.

ముందు ఆకుకు స్నానం.
పోర్టు వైపు నుంచి ఎగిరొచ్చిన నల్లధూళి పోయేదాకా కుళాయి కింద,
తర్వాత స్పిరిట్టు, బ్లీచింగు,
మరిగించి చల్లార్చిన నీళ్లు మూడుసార్లు.
ఆ చివరి కడుగునీళ్లనూ ఒక పళ్లెంలో పోసి దాస్తుంది.
అందులో ఏదీ మొలవకపోతేనే
లోపలిది లోపలిదేనని నమ్మకం.
మనుషుల్ని ఇలా కడిగి చూసే వీల్లేదు.

నాలుగోనాడు పొద్దున్నే
ఆకు కోసిన అంచు వెంబడి
మీగడ చుక్కలు.
లెక్కపెట్టాను. పదిహేడు.

పరీక్ష రోజున ఏసీ పాడైంది.
తొంభై ఆరు గుంటల పలకలో
చక్కెర విడగొట్టే ఎంజైము, దాని పక్కన రంగుమందు.
గుంట గుంటా పసుపెక్కింది.
ఐదో వరసలో మూడోది మాత్రం
నీళ్లలా ఉండిపోయింది.
అందులో ఎవరో ఎంజైము చేతులు పట్టుకున్నారు.
రత్నం అరవలేదు.
కుర్చీ జరిగిన చప్పుడు, అంతే.

ఆ రాత్రి రెండు ముద్దలు ఎక్కువ తిన్నాను,
తప్పని తెలిసే.

తర్వాత అది మొరాయించింది.
పళ్లెం నుంచి పళ్లేనికి మార్చగా మార్చగా
నాలుగోసారికి ఆ గుంటా పసుపే.
బతికే ఉంది, మెరుస్తూనే ఉంది,
పని మరిచిపోయింది.
"తీగనొదిలేసి వచ్చింది కదా బాబాయ్,
ఇంకెవరికోసం చేస్తాది?"
వల్లోంచి తీసిన చేపని చూస్తూ పెరిగిన పిల్ల.

ఇప్పుడు అగార్లో పొడపత్రి రసం కలుపుతోంది,
ఇంటివాసనకి గుర్తొస్తుందేమోనని.
కొంచెం గుర్తొచ్చినట్టుంది. గుంట లేతపసుపు.
"మందెప్పటికి?" అంటే నవ్వింది.
"ఎలకల దాకానే ఎల్లలేదు. నీ మాత్ర నువ్వేసుకో."

వేసుకున్నాను.
ల్యాబు వెనక గుమ్మం దగ్గర కుండీలో
ఆ తీగ ముక్కొకటి నాటాం.
ఉప్పుగాలికి ఆకుల కొసలు మాడుతున్నాయి.
రోజూ నీళ్లు పోసేది నేనే,
ఎంతమందికి పోస్తున్నానో తెలీదు.